తుర్రాన్ గారి నడక

జుర్రా గ్రహవాసి, మహాజ్ఞాని, విశ్వశాంతి దూత అయిన తుర్రాన్ గారు ఒర్రెగూడ వాస్తవ్యులు కారని, వారు జన్మించింది భూమికి బహుదూరాన ఉన్న ఒకానొక నక్షత్ర మండలంలోనని నిర్మాణ సంస్థవారు పత్రికాముఖంగా ప్రకటించారు. పత్రికలు నమ్మాయి. ప్రేక్షకులు నమ్మారు. ఒర్రెగూడ వాళ్లు మాత్రం కాస్త తికమకపడ్డారు. ఎందుకంటే ఆ ప్రకటన వెలువడిన పొద్దున తుర్రాన్ గారు భార్య చేత తిట్లు తింటూ, తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ తిరగడం ఊరంతా చూసింది.

తుర్రాన్ గారి ఇంటి పేరు, ఒంటి పేరు ఏమైనా ఒర్రెగూడలో ఆయన్ని రామనర్సయ్య అంటారు. తెలంగాణ సరిహద్దు దాటాక తర్లగూడ దగ్గర రోడ్డు దిగి అడవి దారి పట్టుకుంటే ఒర్రెగూడ వస్తుంది. రామనర్సయ్యకు కొంచెం వరి పొలం ఉంది. కాళ్లు బాగున్న రోజుల్లో తెలంగాణ వైపు మిరపతోటల్లో కాయ ఏరడానికి పోయేవాడు. ఇప్పుడు కొడుకూ కోడలూ పోతున్నారు. వాళ్ల బిడ్డ బిందు ముసలాళ్ల దగ్గరే ఉంటుంది.

ఊరికి ఒక బోరింగు ఉంది. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. తాగితే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మోకాళ్లు లోపలికి వంగుతాయి, నడుము ముందుకు తూలుతుంది. ఇది ఊరివాళ్లు పుట్టించిన మాట కాదు. ఆఫీసువారే నీళ్లను సీసాల్లో పట్టుకుపోయి, పరీక్షించి, తేల్చి చెప్పారు. చెప్పి చేతులు ముడుచుకు కూర్చోలేదు. తక్షణ చర్య కింద బోరింగుకు ఎర్ర రంగు వేశారు. 'తాగరాదు' అని దాని మీద హిందీలో రాశారు. ఊళ్లో హిందీ చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు కనుక ఎవరి మనసూ నొచ్చుకోలేదు. రంగు వెలిసినప్పుడల్లా మళ్లీ వచ్చి వేసి పోతున్నారు. ఈ విషయంలో ఆఫీసును ఒక్క మాట అనడానికి లేదు.

బిందు కాళ్లు మాత్రం తిన్నగా ఉన్నాయి. భోపాలపట్నంలో చూపిస్తే డాక్టరు పిల్లను అటూ ఇటూ నడిపించి, "ఇంకా ఏమీ కాలేదు. బోరింగు నీళ్లు మాత్రం పట్టకండి" అన్నాడు. అప్పటినుంచి రామనర్సయ్య భార్య వెంకమ్మ రోజూ అడవిలోని ఒర్రెకు, అంటే చిన్న వాగుకు పోయి బిందెడు నీళ్లు తెస్తుంది. ఎండాకాలం ఇసుకలో చెలమ తవ్వి, చిప్పతో తోడి తెస్తుంది. ఆ బిందె పొయ్యి పక్కన వేరుగా ఉంటుంది. గొంతెండి పోతున్నా రామనర్సయ్య అందులో చెయ్యి పెట్టడు. మంచినీళ్ల కోసం అతడు మొక్కని కుర్చీ లేదు. కుర్చీలో కూర్చున్నవాళ్లు కూడా పాపం ప్రతిసారీ "రాసుకున్నాం" అనే అన్నారు.

ఇక మన ప్రాంతంలో ఫొటో లేనిదే పని లేదన్న సంగతి మీకు తెలుసు. ఇల్లు మంజూరైతే గోడ పక్కన నిలబడి ఫొటో. మరుగుదొడ్డి కడితే తలుపు పట్టుకుని ఫొటో. కట్టకపోతే పక్కవాడి తలుపు పట్టుకుని ఫొటో. కెమెరా వచ్చిందంటే సర్కారు వచ్చినట్టే. అందుచేత ఒకనాడు ఊళ్లోకి నాలుగైదు బళ్లు వచ్చి, అందులోంచి మనిషంత కెమెరా దిగేసరికి, ఇంత పెద్ద కెమెరా అంటే ఎంత పెద్ద ఆఫీసుదో అనుకున్నాడు రామనర్సయ్య. వంగిన మోకాళ్లతోనే గబగబా పోయాడు. బోరింగు పక్కన నిలబడ్డాడు. చేతులు జోడించి సూటిగా కెమెరాలోకి చూశాడు.

"నమస్తే సార్. గీ నీళ్లు తాగి మా కాళ్లు గిట్ల అయినయ్. మావి పోతే పోయినయ్. పిల్లలయన్న నిలబెట్టున్రి. మా మనుమరాలికి ఇంక ఏం గాలె సార్. జెర జల్ది మంచినీళ్లు ఇయ్యున్రి."

ఫొటోలో సరిగా పడాలని బోరింగు చుట్టూ ఒకసారి నడిచి కూడా చూపించాడు.

వచ్చినవాళ్లు సర్కారువాళ్లు కారు. 'దూర్ కే పడోసీ', అంటే 'దూరపు పొరుగువాళ్లు' అనే హిందీ సీరియల్ వాళ్లు. ఆకాశం నుంచి దిగివచ్చే వింత జీవుల కథ అది. దర్శకుడు కిషోర్ ఎన్నో నెలలుగా ఒక గ్రహాంతరవాసి కోసం వెతుకుతున్నాడు. పట్నం నటులను ఎందరినో నడిపించి చూశాడు. అందరూ కల్లు దుకాణం నుంచి వస్తున్నట్టే నడిచారు తప్ప పరలోకం నుంచి వస్తున్నట్టు ఒక్కడూ నడవలేదు. ఇప్పుడు నల్ల కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుని, ఈయన ఈ నడక ఎక్కడ నేర్చాడని హిందీలో అడిగాడు.

యూనిట్‌కు ఏర్పాట్లు చూసేదీ, మాట తర్జుమా చేసేదీ భోపాలపట్నం కిరాణా వ్యాపారి శేషగిరిరావు. "ఏమయ్యా రామనర్సయ్యా, ఇలా నడవడం ఎక్కడ నేర్చుకున్నావంటున్నారు."

"నేర్సుకునుడేంది సేటూ? నీళ్లు తాగితె అదే వస్తది."

శేషగిరిరావు కిషోర్ వైపు తిరిగి, "ఊరి విద్య సాబ్, తరతరాలుగా వస్తోందట" అని హిందీలో చెప్పాడు. కిషోర్ రామనర్సయ్యను కావలించుకున్నాడు. ఇంతవరకూ ఏ అధికారీ అలా కావలించుకోలేదు గనుక పని అయినట్టే అనుకున్నాడు రామనర్సయ్య.

సీరియల్ అని తెలిసిన తర్వాత కూడా అతడు నిరాశపడలేదు. టీవీ ప్రతి ఇంట్లో ఉంటుంది. అధికారులకూ ఇళ్లుంటాయి. అతడి లెక్క అది. మొదట తుర్రాన్ పాత్ర ఒక్క భాగంలో కనిపించి, కిరణాల తుపాకీ దెబ్బకు చచ్చిపోవాలి. చచ్చిపోయాడు కూడా. ప్రేక్షకులు గగ్గోలు పెట్టారు. జుర్రా వాసులు చావరనీ, కాసేపు పడుకుంటారంతేననీ రచయితలు వెంటనే పరిశోధించి కనుక్కున్నారు. తుర్రాన్ లేచాడు. ఆ తరువాత వారం వారం వస్తూనే ఉన్నాడు.

ఒంటికి పచ్చటి రబ్బరు తొడుగు, నెత్తిన రెండు కొమ్ములు. పళ్లకు రంగు వేయబోయిన మేకప్ మనిషి దగ్గరగా చూసి, డబ్బా మూసేశాడు. ఆ పళ్ల రంగుకు మేకప్ మనిషికే బహుమతి వచ్చింది. యూనిట్ అంతా డబ్బాల్లో తెప్పించిన నీళ్లు తాగేవారు. తుర్రాన్ గారికి మాత్రం బోరింగు నీళ్లే ఇవ్వాలని కిషోర్ కట్టడి చేశాడు. నటుడు పాత్రకు దూరం కాకూడదు గదా. కూలి కూడా మిరపతోట కూలికి మించకుండా చూశారు. మించితే పల్లె సహజత్వం చెడుతుంది.

జుర్రా భాషను ఒక రచయిత ఎంతో కష్టపడి తయారుచేశాడు. అది రామనర్సయ్య నాలుకకు ఎక్కలేదు. "పోనీ, నీ మాటల్లోనే ఏదో ఒకటి చెప్పు. ముఖం మాత్రం గంభీరంగా ఉండాలి. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు కిషోర్. రామనర్సయ్య ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు. దానికి ముఖం గంభీరంగా పెట్టాల్సిన పని కూడా లేదు, అదే వచ్చింది.

ఇంటి దగ్గర వెంకమ్మకు ఇది నచ్చలేదు.

"కొమ్ములు పెట్టుకోని ఎవలకు చెప్తున్నవయ్యా నీ గోస?"

"టీవీల పెద్ద సార్లు సూస్తరే."

"గిన్నేండ్ల సంది మనిషివై పోతె సూడనోళ్లు, కొమ్ములు సూసి ఇస్తరా నీళ్లు?"

"మనిషి లెక్క అడిగి సూసిన గదనే. గిట్లగూడ అడుగుదాం."

వెంకమ్మ మాటలో నిజం లేకపోలేదు గానీ కొమ్ముల మహిమ కూడా తక్కువది కాదు. దారిలో చెక్‌పోస్టు దగ్గర రామనర్సయ్యను పేరు, తండ్రి పేరు, వచ్చింది ఎక్కడినుంచి, పోయేది ఎందుకు అని ప్రతిసారీ అడిగేవారు. తొడుగుతో పోయిన నాడు ఒక్కరూ ఏమీ అడగలేదు. సలాం కొట్టి, పక్కన నిలబడి ఫొటో దిగి పంపించారు. తుర్రాన్ ఎక్కడివాడో వాళ్లకు తెలుసు.

మొదటిసారి తనను తాను టీవీలో చూసుకోవడానికి రామనర్సయ్య భోపాలపట్నం పోయి శేషగిరిరావు దుకాణంలో బియ్యం బస్తాల మీద కూర్చున్నాడు. తెర మీద తుర్రాన్ పొగమంచులోంచి నడిచి వచ్చి, మానవజాతి ముందు నిలబడి అన్నాడు: "తాగొద్దని రాసిన్రు సార్. మరి ఏం తాగాలె? అదిగూడ రాయున్రి." కింద హిందీ అక్షరాలు పడ్డాయి.

"ఏం రాసిన్రు సేటూ?"

శేషగిరిరావు చదివాడు. "మానవులారా, మీరు వెతికే వెలుగు మీ గుండెల్లోనే ఉంది, అని."

"నేను నీళ్లడిగిన గద?"

"నువ్వు నీళ్లే అడిగావయ్యా. నీ మాటెవరిక్కావాలి, కింద రాసిందే అందరూ చదివేది."

"అయితె ఇంక గట్టిగ అడుగుత."

గట్టిగా అడిగాడు. ఎంత గట్టిగా అడిగితే కింద అంత లోతైన సందేశం పడింది. దేశం చలించిపోయింది. పెద్ద బడులలో తుర్రాన్ నడక పోటీలు పెట్టారు. తల్లులు మోకాళ్లు కలిపి కట్టి పిల్లలకు తర్ఫీదు ఇచ్చారు. పెళ్లి ఊరేగింపుల్లో పెళ్లికొడుకులు ఆ నడకతో గుర్రం దాకా వచ్చారు. భాషావేత్తలు సదస్సు జరిపి, జుర్రా భాషలో 'నీళ్లు' అనే శబ్దం పదేపదే వస్తున్నదనీ, దాని అర్థం 'ఆత్మ' అయి ఉండవచ్చుననీ పత్రాలు చదివారు.

తరువాత సీరియల్ తెలుగులోకి వచ్చింది. ఇక్కడ మన ఘనత చెప్పుకోవాలి. మిగిలిన పాత్రలన్నిటికీ తెలుగు పెట్టారు. తుర్రాన్ మాటలు మాత్రం పరగ్రహ భాష గనుక అలాగే ఉంచి, కింద తెలుగు అక్షరాలు వేశారు. తెలుగువారు ఆ అక్షరాలు చదువుకుని కన్నీరు పెట్టారు. ఈ భాషలోని ధ్వనులు భూమ్మీద ఎక్కడా వినబడవని ఒక పత్రిక మెచ్చుకుంది. వరంగల్ వైపు అల్లుడొకడు, ఇదేదో మా నాయనమ్మ మాట్లాడినట్టుందే అన్నాడట. అత్తగారింట్లో అలాంటివి అనకూడదని భార్య గిల్లింది.

ఒక్క మనిషి విషయంలో మాత్రం పొరపాటు జరిగింది. వినీత అనే నీళ్ల ఆఫీసు ఇంజనీరమ్మ కొత్తగా ఈ ప్రాంతానికి వచ్చింది. తెలుగు కుటుంబం, గనుల ఊరు కిరండూల్‌లో పెరిగింది. సీరియల్ వచ్చే వేళకు ఆమె వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నది. తెర కనబడలేదు. చెవులతో మాత్రమే విన్నది. కత్తి పక్కన పెట్టి బయటికి వచ్చింది.

షూటింగు ఏ ఊళ్లోనో కనుక్కుని, మర్నాడే ఒర్రెగూడ వచ్చి నీళ్లు పట్టుకుపోయింది. పిల్లల కాళ్లు చూసింది. ఫైలు పట్టుకుని తానే గది గదికీ తిరిగింది. తుర్రాన్ దిగిన ఊరని చెబితే సంతకాలు చకచకా పడ్డాయి. నది నుంచి పైపులైను మంజూరైంది. కాలువ తవ్వకం ఊరి పొలిమేర దాకా వచ్చింది. బిందు ఆ కాలువలోకి దూకడం, ఎక్కడం, మళ్లీ దూకడం. వెంకమ్మ ఒడ్డున కూర్చుని ఆ కాళ్లనే చూస్తూ ఉండేది.

"తాతా, వచ్చే ఎండాకాలానికి మీ ఇంటిముందు నల్లా ఉంటుంది" అంది వినీత.

"నువ్వు నీళ్లని విన్నవా బిడ్డా? వెలుగని వినలేదా?"

"నీళ్లనే విన్నాను తాతా."

రామనర్సయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. అతడికి జుర్రా భాష తెలిసిన మనిషి దొరికింది.

ఈ సంగతి తెలిసి నిర్మాణ సంస్థవారు తల్లడిల్లారు. నీళ్లు మారితే నడక మారుతుంది. నడక మారితే తుర్రాన్ ఏమవుతాడు? వారు ఎవరికీ అన్యాయం చేసే రకం కాదు కనుక నిపుణుల సంఘాన్ని వేయమని కోరారు. సంఘం వేశారు. సంఘం ఊరికి వచ్చి, డబ్బాల నీళ్లు తాగి, నడకను అన్ని కోణాల నుంచీ చూసి, చప్పట్లు కొట్టి పోయింది. ఆ తరువాత షామియానా వేసి సభ చేశారు. ఒక పెద్దమనిషి పూలదండలోంచి తల బయటకు తీసి ఇలా ఉపన్యసించాడు:

"సోదర సోదరీమణులారా! ఈ నడక ఒర్రెగూడ సొత్తు కాదు. ఇది దేశసంపద! నీళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఈ నడక దొరుకుతుందా? మన పూర్వీకులు వంగిన మోకాళ్లతో కాపాడుకొచ్చిన ఈ వారసత్వాన్ని ఒక నల్లా కోసం వదులుకుందామా? కానేరదు! ఈ మట్టి మీద, ఈ నీటి మీద ఒట్టు, ఒర్రెగూడను ఉన్నది ఉన్నట్టుగా కాపాడి తీరుతాం!"

ఆ నీటి మీద ఒట్టు వేసి, సీసా మూత తిప్పి మంచినీళ్లు తాగాడు.

అయితే మంజూరైన పైపులైనును వృథా చేయడం నేరం. అందువల్ల దాన్ని ఊరి పొలిమేర దగ్గర పక్కకు తిప్పి, ఒర్రె ఒడ్డున కట్టిన 'జుర్రా విహార కేంద్రం'లోకి తీసుకుపోయారు. చూడవచ్చినవారికి నడక అంటకూడదు, ఊళ్లో ఉన్నవారికి నడక పోకూడదు. ఒకే పైపుతో రెండు లక్ష్యాలూ నెరవేరడం అరుదు. వినీత ఏదో అనబోయింది. ఆమె సేవలు మరెక్కడో ఎక్కువ అవసరమని వెంటనే గుర్తించి, అక్కడికి బదిలీ చేశారు.

ఒర్రె చుట్టూ కంచె వేశారు. తుర్రాన్ ఓడ దిగిన పుణ్యస్థలం అది. వెంకమ్మ బిందెతో పోయేసరికి గేటు దగ్గర పచ్చ టోపీ పెట్టుకుని బుధ్రా నిలబడి ఉన్నాడు. ఆ ఊరివాడే, కొత్తగా కావలి నౌకరి దొరికింది.

"అవ్వా, టిక్కెట్ ఉంటెనే లోపలికి."

"ఓరి బుధ్రా, నీ బొడ్డు కోసింది నేను రా."

"కోసినవ్ గని అవ్వా, ఇప్పుడు నా నౌకరి కొయ్యకు. లోపల సాహబ్ ఉన్నడు."

"నేను తుర్రయ్య పెండ్లాన్ని రా!"

"తుర్రాన్‌కు పెండ్లం లేదవ్వా. కథల అట్లనే ఉన్నది."

వెంకమ్మ ఖాళీ బిందెతో ఇంటికి వచ్చింది. ఆ పూట బిందు బోరింగు నీళ్లు తాగింది. మర్నాడూ అవే. నీళ్లు చల్లగా ఉన్నాయని మళ్లీ అడిగింది కూడా.

రామనర్సయ్య తొడుగు తొడుక్కుని కొమ్ములు పెట్టుకున్నాడు. షూటింగుకు పోయాడు. కెమెరా తిరుగుతుండగా కొమ్ములు పీకి అవతల పారేశాడు. తొడుగు నడుము దాకా చించేశాడు. బనియనుతో నిలబడి, ఊపిరి ఎగపోస్తూ అన్నాడు: "నేను మనిషినే సార్. నా పేరు రామనర్సయ్య. నాకు మాట రాక కాదు. మా బిందుకు నీళ్లియ్యున్రి, లేకపోతె ఈ ఆట బంద్ చెయ్యున్రి."

'కట్' అనడానికి కిషోర్‌కు నోరు రాలేదు. అంతా అలాగే వేశారు. కింద ఇలా పడింది: "తుర్రాన్ మానవ రూపం ధరించాడు." దేశం లేచి నిలబడింది. గ్రాఫిక్స్ విదేశీ స్థాయిలో ఉన్నాయన్నారు. రామనర్సయ్యకు ఉత్తమ నటుడి బహుమానం ప్రకటించారు. అయితే నిష్పాక్షిక విమర్శకుడొకరు, గ్రహాంతరవాసిగా అద్భుతంగా చేసిన ఈ నటుడు మనిషిగా మాత్రం నమ్మించలేకపోయాడని రాశారు.

ఆ ఊపులో, ఇకపై సీరియల్‌లో పసి తుర్రాన్‌లు కూడా కనిపిస్తారని సంస్థ ప్రకటించింది. ఒర్రెగూడ పిల్లలందరినీ బోరింగు దగ్గర వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ నడిపించి చూశారు. వంకర ఎక్కువున్న పిల్లల తల్లిదండ్రులను శేషగిరిరావు అభినందించాడు. పక్కింటామె నందే కొడుకును మొదటి నడకలోనే తీసుకున్నారు. నందే నవ్వాలో ఏడవాలో తెలియక, అందరూ చూస్తున్నారని నవ్వింది.

బిందు వంతు వచ్చింది. పిల్ల బాణంలా పరుగెత్తుకొచ్చి కిషోర్ ముందు ఆగింది. ఇంకోసారి నడిపించారు. మెల్లగా నడిపించారు. తల అడ్డంగా ఊపారు. తుర్రాన్ గారి సొంత మనవరాలు తప్పింది. ఊళ్లో తప్పిన పిల్ల అదొక్కతే.

రామనర్సయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. వెంకమ్మ పిల్లను ఎత్తుకుని, సభామర్యాద కూడా చూడకుండా ఆ రెండు కాళ్లకూ ముద్దులు పెట్టింది. పిల్ల తప్పినందుకు ముసల్ది దుఃఖం పట్టలేకపోతోందని కిషోర్ అపార్థం చేసుకున్నాడు. మంచి మనసున్నవాడు. దగ్గరికి వచ్చి ఆమె భుజం తట్టి ఏదో చెప్పాడు. శేషగిరిరావు ఈసారి మాట మార్చకుండా ఉన్నదున్నట్టు తెలుగు చేశాడు.

"బాధపడకమ్మా. పిల్ల ముఖంలో కళ ఉందంటున్నారు. ఇంకో రెండేళ్లు ఈ నీళ్లే తాగనివ్వమంటున్నారు. అప్పటికి తప్పకుండా తయారవుతుందట. పాత్ర ఖాళీగా అట్టే పెడతారట."

మాట తప్పని సంస్థ అది. చిట్టి తుర్రాన్ రాబోతున్నదని, అందుకు బాలనటి స్వస్థలంలోనే తయారవుతున్నదని ప్రకటన ఇచ్చేసింది. అప్పటినుంచి దేశం నలుమూలలా పిల్లలు రంగు పెన్సిళ్లతో చిట్టి తుర్రాన్ బొమ్మలు గీసి పంపిస్తున్నారు. రెండు చిన్న కొమ్ములు, లోపలికి వంచి ఎంతో శ్రద్ధగా దిద్దిన మోకాళ్లు. తెలుగు ఇళ్ల నుంచే ఎక్కువ వస్తున్నాయట. మీ ఇంటి నుంచి వెళ్లినదాన్ని వాళ్ల ఆఫీసు గోడకు అంటించారు. చాలా బాగా గీశారు.